వెళ్తాను, వెళ్లబోతున్నాను

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. "రేపు వెళ్తాను" అనడానికి ఇంగ్లీషులో ఇన్ని రూపాలెందుకని అడిగావు. రెండు రోజులుగా నా మనసు ఆ 'గో' అనే చిన్న క్రియ చుట్టూనే తిరుగుతోంది.

ముందు మన భాష సంగతి చూడు. "రోజూ వెళ్తాను" అంటాం, "రేపు వెళ్తాను" అనీ అంటాం. అలవాటుకూ భవిష్యత్తుకూ మనకు ఒకటే రూపం. నువ్వు "ఐ గో టుమారో" అని రాసింది అందుకే. అది పూర్తిగా తప్పని అనను. రైలు వేళల్లా ముందే ఖరారైన కార్యక్రమానికైతే చెల్లుతుంది. మామూలు మాటల్లో మాత్రం పొసగదు.

ఇక 'విల్'. పాత ఇంగ్లీషులో ఆ క్రియకు అర్థం కోరుకోవడం. మన వీలునామాలోని 'వీలు' కూడా ఆ ఇంగ్లీషు మాటే, ఆస్తి గురించి మనిషి కోరిక! అందుకేనేమో, అప్పటికప్పుడు పుట్టిన నిర్ణయానికి 'విల్' చక్కగా నప్పుతుంది. ఎవరో తలుపు తట్టారు, "నేను వెళ్తాను" అంటూ లేచావు: "ఐ విల్ గో". అదే, నిన్ననే అనుకుని సంచి సర్దుకుని కూర్చున్నావనుకో: "ఐ యామ్ గోయింగ్".

నాకు ఒళ్లు పులకరించిన చోటు ఇంకొకటి ఉంది. 'గోయింగ్ టు' ఎంతకీ వంటబట్టడం లేదని బాధపడ్డావు. అది ఎప్పటినుంచో నీ నోట్లోనే ఉంది! "చెప్పబోతున్నాను" అంటావు కదా, ఆ 'బోతున్నాను' ఎక్కడిది? 'పోతున్నాను'లోని పకారం బకారమైంది, అంతే. వేర్వేరు కుటుంబాలకు చెందిన రెండు భాషలు, జరగబోయేదాన్ని చెప్పడానికి ఒకే క్రియను పట్టుకున్నాయి. మబ్బు కమ్మితే మనం "వాన పడబోతోంది" అంటాం, వాళ్లు "ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్" అంటారు. మనసులో '-బోతున్నాను' మెదిలిన చోట చాలావరకు ధైర్యంగా అదే వాడు.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. "నేను వెళ్లినప్పుడు అతనికి చెబుతాను" అనడానికి "వెన్ ఐ విల్ గో" అని మొదలుపెట్టావు. అక్కడ 'విల్' రాదు. "వెన్ ఐ గో, ఐ విల్ టెల్ హిమ్" అనాలి. మన వాక్యాన్నే చూడు: వెళ్లడం ఇంకా జరగలేదు, అయినా 'వెళ్లిన' అనే అంటున్నాం. భవిష్యత్తు భారమంతా 'చెబుతాను' ఒక్కటే మోస్తోంది. 'ఇఫ్'తో షరతు చెప్పేటప్పుడూ సాధారణంగా ఇంతే.

'గో'కు భూతకాలం 'వెంట్' ఎలా అయిందని కూడా అడిగావు. అది 'వెండ్' అనే మరో క్రియ నుంచి వచ్చి చేరింది. ఆ కథ తీరిగ్గా రాస్తాను. ఈలోగా వచ్చే వారం నువ్వు చేయబోయే పనులన్నీ ఇంగ్లీషులో రాసి పంపు. ఏది అప్పటికప్పుడు అనుకున్నదో, ఏది ముందే అనుకున్నదో నీ క్రియలను బట్టే పోల్చుకుంటాను.

నీ
స్నేహితుడు