రక్తపింజరి కాటుకు గాజు గొట్టమైనా లేదా?

సంపాదకులకు,

అయ్యా,

శెనక్కాయ పీకే రోజులొస్తే మా అనంతపురం చేలల్లో రక్తపింజరి భయం మొదలవుతుంది. కాటు పడగానే తాడు బిగించడం, బ్లేడుతో గాటు పెట్టడం ఇంకా మానలేదు. ఈ పాము కాటుకు గాటు పెట్టడం మరీ ప్రమాదం. దాని విషంలోని ఎంజైములు సన్నని రక్తనాళాల గోడకు ఆధారంగా ఉండే పొరను తెగ్గొడతాయి. లోపలి ఒత్తిడికి గోడ చిట్లి రక్తం బయటికి ఊరుతుంది. అదే విషంలోని ఇంకొన్ని పదార్థాలు గడ్డకట్టే పనిని అదుపు లేకుండా నడిపి, అందుకు కావలసిన ప్రోటీన్ అయిన ఫైబ్రినోజన్‌ను ఖర్చు చేసేస్తాయి. ఇక చిగుళ్ల నుంచి, మూత్రంలో, మనం పెట్టిన గాటు నుంచి కూడా రక్తం ఆగదు. కిడ్నీలూ దెబ్బతింటాయి.

దీన్ని కనిపెట్టడానికి పెద్ద ల్యాబు అక్కర్లేదు. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచాలి. తర్వాత వంచితే నీళ్లలా జారిందా, వెంటనే యాంటీవెనమ్ (పాము విషానికి విరుగుడు మందు) ఎక్కించాలి. ప్లాస్టిక్ గొట్టం పనికిరాదు. మా బంధువు ఒకరిని ఈ పరీక్ష కూడా చేయకుండానే వేరే ఊరి ఆసుపత్రికి పంపేశారు. దారిలోనే చిగుళ్ల నుంచి రక్తం మొదలైంది. ఆ టెన్షన్ ఏ ఇంటికీ వద్దు.

పంట కోతలకు ముందే ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాజు గొట్టాలు, యాంటీవెనమ్, రియాక్షన్ వస్తే వాడే అడ్రినలిన్ ఉన్నాయో లేదో జిల్లా వైద్యాధికారులు స్వయంగా చూడాలి. రాత్రిపూట కూడా అవి అందాలి.

– ఒక రైతు, కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా