హైహీల్స్‌తో నడవడం నేర్పిన నా వాళ్లందరికీ

నేను మగవాణ్ని. నాకు హైహీల్స్ అంటే చాలా ఇష్టం. ఇప్పుడు ప్యాంటు, షర్టు మీదకి వాటిని వేసుకుని ఆఫీసుకు వెళ్తున్నాను, స్నేహితుల ఇళ్లకు వెళ్తున్నాను, సాయంత్రాలు ఊరికే అలా రోడ్డు మీదకీ వెళ్తున్నాను. ఈ మాట ఇంత మామూలుగా రాయగలుగుతున్నానంటే అది నా ఒక్కడి వల్ల అయింది కాదు. సాయం చేసిన వాళ్లకు విడివిడిగా థాంక్స్ చెప్పాను గానీ, నలుగురిలో చెప్పకపోతే నాకు తృప్తిగా లేదు.

ముందు మా అక్కకి. నా ఇష్టం గురించి చెప్పినప్పుడు అక్క "ఎందుకురా" అనలేదు. "ఎంత ఎత్తు అనుకుంటున్నావు?" అని అడిగింది. నాలుగంగుళాలు అన్నాను. "ముందు రెండుతో మొదలుపెట్టు. అదీ వెడల్పాటి బ్లాక్ హీల్. చీలమండ దగ్గర స్ట్రాప్ ఉండాలి, కాలు జారకుండా పట్టుకుంటుంది. పెన్సిల్ హీల్ సంగతి తర్వాత చూద్దాం" అంది.

అంతకుముందు ఎవరికి చెప్పుకున్నా "నీకు నచ్చినట్టు ఉండు, జనాన్ని పట్టించుకోకు" అనేవాళ్లు. మంచి మనసుతోనే అన్నారు, వాళ్లకూ నేను రుణపడి ఉన్నాను. కానీ పట్టించుకోకుండా ఉండటం ఎలాగో మాత్రం ఎవరూ చెప్పలేదు. అక్క జనం ఊసే ఎత్తకుండా నా కాళ్ల దగ్గర మొదలుపెట్టింది. తివాచీ తీసేసి, గట్టి నేల మీద నడిపించింది. మెత్తటి దాని మీద హీల్ దిగబడి కాలు ఊగుతుంది, అసలు నడక తెలీదు. "మడమ మెల్లగా ఆనించు, వెంటనే ముందుపాదం. దబ్బున మొత్తం వేసేయకు. అడుగు చిన్నది చెయ్యి. మోకాళ్లు వంచి నడవకు." నేను మాటిమాటికీ కిందికి చూసేవాణ్ని. హీల్ వేసుకుంటేనే ఒంటి బరువు ముందుకు పడుతుంది, దానికి తోడు తల కూడా వంచితే తూలక ఏమవుతుంది? అక్క గోడ మీద నా కళ్ల ఎత్తులో ఒక కాగితం అంటించి, దాన్ని చూస్తూ నడవమంది. మెట్లు దిగేటప్పుడు పాదం కొంచెం పక్కకు తిప్పి పెట్టడం, చెయ్యి రెయిలింగ్ మీద ఉంచడం, రోడ్డు మీద జాలీ మూతలు, టైల్స్ మధ్య సందులు కాస్త దూరం నుంచే గమనించుకోవడం, ఇవన్నీ ఓపిగ్గా చెప్పింది.

అలా నడవగా నడవగా నాకు అర్థమైంది, నా టెన్షన్‌లో సగం జనం వల్ల కాదు, అందరి ముందూ పడిపోతానేమోనన్న భయం వల్ల. నమ్మకం ముందు నా కాళ్లలోకి వచ్చింది. మనసులోకి ఆ తర్వాత వచ్చింది. ఇంకో సంగతి, తల ఎత్తి దూరంగా చూస్తూ నడుస్తుంటే మనవైపు తిరిగి చూసేవాళ్లు చాలామంది అసలు కంటపడరు.

తర్వాత చెప్పుల షాపులో పనిచేసే ఆ అబ్బాయికి. అతని దగ్గరికి వెళ్లేముందు వేరేచోట్ల నన్ను చూసి "ఇంట్లో ఆవిడ సైజు ఎంత సార్?" అని అడిగేవాళ్లు. "నాకే" అని చెప్పడానికి గొంతు పెగిలేది కాదు. ఈ అబ్బాయి ఎవరికి అని అడగలేదు. "కూర్చోండి సార్, కొలుద్దాం" అన్నాడు. రెండు పాదాలూ కొలిచాడు, పొడవుతో పాటు వెడల్పు కూడా. ఒక పాదం కొంచెం పెద్దదని చూపించి, పెద్దదాని లెక్కనే తీసుకోమన్నాడు. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి కాబట్టి ఆ టైములో కొనుక్కోవడమే మంచిదట. అమెరికన్ సైజుల్లో ఒకే పొడవు పాదానికి ఆడవాళ్ల నంబరు మగవాళ్ల నంబరు కంటే ఒకటిన్నర, రెండు ఎక్కువ ఉంటుందనీ, వెడల్పుని సూచించే అక్షరాల్లో మగవాళ్లకు మామూలుది డి అయితే ఆడవాళ్లకు అంతకంటే సన్నటి బి అనీ అతను చెప్తేనే తెలిసింది. పొడవు సరిపోయినా వేళ్లు ఎందుకు నలిగిపోతున్నాయో అప్పుడు తెలిసొచ్చింది. వెడల్పు రకం తెచ్చి, "ముందువైపు పాదం కింద అరంగుళం మందం అడుగు, అంటే ప్లాట్‌ఫాం ఉంది సార్, హీల్ మూడంగుళాలైనా మీ కాలికి రెండున్నరే అనిపిస్తుంది" అన్నాడు. నన్ను అందరిలాంటి కస్టమర్‌గా చూశాడు. ఆ పూట నాకు అదే చాలా ఎక్కువ.

మొదటిసారి బయటికి వచ్చినప్పుడు నా పక్కన నడిచిన మిత్రుడికి ఏం చెప్పాలో తెలీడం లేదు. చీకటిపడ్డాక ఖాళీ వీధిలో వెళ్దామని నేనంటే, వాడు పట్టపగలు రద్దీగా ఉండే రోడ్డుకే రమ్మన్నాడు. అక్కడ ఎవరి తొందర వాళ్లది, ఏదైనా ఇబ్బంది వచ్చినా చుట్టూ మనుషులుంటారు అన్నాడు. బ్యాగులో ఒక జత ఫ్లాట్ చెప్పులు పెట్టించాడు. వాడికి చరిత్ర అంటే పిచ్చి. దారి పొడవునా హీల్స్ కథే చెప్పాడు. పర్షియా గుర్రపు రౌతులు రికాబులో, అంటే జీనుకి వేలాడే పాదం పెట్టుకునే కొక్కెంలో, పాదం జారకుండా, నిలబడి బాణం వేయడానికి మడమ ఎత్తు పాదరక్షలు వాడేవారట. 17వ శతాబ్దంలో యూరప్ మగవాళ్లు ఆ ఫ్యాషన్‌ని అందుకున్నారు. ఫ్రాన్స్ రాజు 14వ లూయీని 1701లో రిగో అనే చిత్రకారుడు ఎర్ర హీల్స్‌తో నిలబెట్టి బొమ్మ గీశాడు. ఆ 18వ శతాబ్దంలోనే అక్కడి మగవాళ్లు హీల్స్ మానేశారు. నాకు నచ్చింది వేసుకోవడానికి ఏ రాజూ సాక్ష్యం చెప్పక్కర్లేదు అనుకోండి. అయినా "ఇది ఆడవాళ్ల వస్తువు కదా" అని ఎవరైనా అంటే ఇప్పుడు తడుముకోకుండా జవాబు చెప్పగలను.

వాడు ఆ రాజు బొమ్మ గురించి చెప్తుండగానే ఇద్దరు కుర్రాళ్లు నవ్వి, ఒకడు ఫోన్ పైకెత్తాడు. నా అడుగు తడబడింది. నా మిత్రుడు వాళ్లతో గొడవకు దిగలేదు, మాట ఆపలేదు, నడక వేగం మార్చలేదు. చెప్తున్న వాక్యం పూర్తిచేసి, "ఇంతకీ కథలో ఎక్కడున్నాం?" అన్నాడు. నేను చెప్పాను. అలాగే ముందుకెళ్లాం.

ఫిజియోథెరపిస్ట్ గారికి కూడా కృతజ్ఞతలు. ఏళ్ల తరబడి రోజంతా హీల్స్ మీదే ఉంటే పిక్క కండరాలు కుంచించుకుపోతాయని, మడమ వెనక టెండన్, అంటే పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే పట్టీ, బిగుసుకుపోతుందని ఆవిడ వివరంగా చెప్పారు. మానేయమనలేదు. మధ్యమధ్యలో ఫ్లాట్స్ వేసుకోమని, రోజూ పిక్కలు సాగదీసే వ్యాయామం చేయమని నేర్పించారు.

చెప్పులు కుట్టే పెద్దాయన నా హీల్స్ చేతిలోకి తీసుకుని, అడుగున అరిగిన రబ్బరు చూపించి, "ఒకవైపే అరుగుతోంది బాబూ, పాదం బయటివైపుకి పడుతోంది నీకు" అన్నారు. ఆ మాటతో నా నడక మరికాస్త సర్దుకుంది. మా నాన్నకి ఈ విషయం ఇంకా మింగుడుపడలేదు. కానీ ఇంటికొచ్చిన చుట్టాలు ఏదో అనబోతే "వాడి కాళ్లు, వాడి చెప్పులు" అన్నారు. నాన్నా, థాంక్యూ.

ఇది చదివేవాళ్లలో హీల్స్ వేసుకోవాలని ఉండి, సైజు దగ్గరో నడక దగ్గరో ఆగిపోయిన మగవాళ్లు ఉంటే నన్ను అడగండి. నాకు తెలిసినంతవరకు చెప్తాను. పాదం పొడవు, వెడల్పు ఒక సాయంత్రం కొలిచి రాసిపెట్టుకుని అడిగితే ఇంకా తేలిక.