ఆ ఎర్రచుక్క కోసం మొదటి భాగం చూడు

అమ్మలూ,

‘టెర్మినేటర్ 2’ చూశానన్నావు, సంతోషం. కరిగి మళ్లీ మనిషయ్యే ఆ లోహం సరే, అంతకుమించి నాన్నకు అంతగా నచ్చిందేమిటని అడిగావు. నువ్వింకా మొదటి భాగం చూడలేదు కదా, అసలు సంగతి అక్కడుంది.

1984లో వచ్చిన మొదటి సినిమాలో ష్వార్జ్‌నెగర్ చంపడానికొచ్చిన యంత్రం. నైట్‌క్లబ్బులో, అతను వేటాడుతున్న సారా నుదుటి మీద అతని తుపాకీ ఎర్రచుక్క పడుతుంది. 1991లో వచ్చిన రెండో భాగంలో దర్శకుడు జేమ్స్ కామెరాన్ ఆ చుక్కను సారా చేతికే ఇచ్చాడు. ఆ యంత్రాల పుట్టుకకు కారణం కాబోయే శాస్త్రవేత్త డైసన్ ఇంటి దగ్గర జరిగింది గుర్తు తెచ్చుకో. చీకట్లో మాటువేసి అతని మీద ఎర్రచుక్క నిలిపింది సారాయే. తన పిల్లాడి బొమ్మకారు కాలికి తగిలి వంగబట్టి బతికాడు గానీ, లేకపోతే అంతే. తనను వేటాడిన యంత్రంలాగే, అదే మొండితనంతో, ఇంట్లోకి నడిచొస్తుంది. ఆ చిన్నపిల్లాడు తండ్రిని వాటేసుకున్నాక మాత్రం కాల్చలేక కుప్పకూలి ఏడుస్తుంది. మరి ఈసారి కాపాడటానికొచ్చిన ష్వార్జ్‌నెగర్ యంత్రమో? ఎవర్నీ చంపనని సారా కొడుకు జాన్‌కి మాటిచ్చింది, మనుషులెందుకు ఏడుస్తారని అడుగుతోంది. మొదటి భాగంలో దాన్ని చూసి భయపడినవాళ్లకే ఈ మార్పు ఎంత పెద్దదో తెలుస్తుంది. విలన్ బలం, పేలుళ్లు పెంచితే చాలనుకునే సీక్వెళ్లు ఎన్నో ఉన్నాయి. ఇది మన పాత భయాన్నే తీసుకుని కథ నడిపింది.

అన్నట్టు, అంతా కంప్యూటర్ మాయ అనుకోకు. స్టాన్ విన్‌స్టన్ బృందం చేసిన బొమ్మలు, మేకప్ చాలా ఉన్నాయి. చివర్లో ఇద్దరు సారాలు కనబడే చోట సారా వేషం వేసిన లిండా హామిల్టన్ కవల సోదరి లెస్లీ నటించింది. ఆ కరిగే లోహపు విలన్‌గా రాబర్ట్ పాట్రిక్ ఆయాసం కనబడనివ్వకుండా పరిగెత్తుతాడు చూడు, ఏ గ్రాఫిక్సూ లేని ఆ పరుగే నాకు ఎక్కువ భయం. సినిమాకి 4 ఆస్కార్లొచ్చాయి, విజువల్ ఎఫెక్ట్స్‌తో కలిపి.

ఇంకొకటి. ఎడారిలో జాన్, ఆ యంత్రం ఆడుకుంటుంటే సారా దూరం నుంచి చూస్తూ అనుకుంటుంది: ఇది వాణ్ణి ఎప్పుడూ వదిలిపోదు, కొట్టదు, తీరిక లేదనదు. నువ్వు పుట్టాక ఆ మాటలు నాకు మరీ లోతుగా తగులుతున్నాయి తల్లీ.

ఈ వారం మొదటిది చూసి, వెంటనే రెండోది మళ్లీ పెట్టుకో. డైసన్ ఇంటి దగ్గర నీకేమనిపించిందో వివరంగా రాయి.

ప్రేమతో,
నాన్న