తుప్పు పట్టిన రెయిలింగ్

ఒరేయ్ రమణా,

ఎలా ఉన్నావు రా? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్‌లో అయితే సగం మరిచిపోతానని ఉత్తరమే రాస్తున్నా. నార్వేలో ట్రోల్‌స్టీగెన్ అనే కొండ దారి దిగి ఇప్పుడే గదికి వచ్చాను. పొద్దుటి నుంచీ నువ్వే గుర్తొస్తున్నావు.

అక్కడ లోయ మీదికి చొచ్చుకొచ్చిన వ్యూ పాయింట్ ఒకటుంది. రెయుల్ఫ్ రామ్‌స్టాడ్ అనే ఆర్కిటెక్ట్ బృందం డిజైన్ చేసింది, 2012లో పూర్తయింది. కింద 11 హెయిర్‌పిన్ మలుపుల రోడ్డు, పక్కనే 320 మీటర్ల స్టిగ్‌ఫోసెన్ జలపాతం. ఆ రోడ్డు 1936 నాటిది. చలికాలమంతా మంచుతో మూసుకుపోతుంది. కాబట్టి పైన ఏం కట్టాలన్నా వేసవి నెలల్లోనే. ఆ కాస్త వ్యవధిలో అంత పని ఎలా చేశారో తలుచుకుంటేనే నాకు టెన్షన్ వచ్చింది.

అసలు సంగతి రెయిలింగ్. మొత్తం తుప్పు! గీకి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, పైన రెండు కోట్లు పెయింట్ వేస్తే గానీ నువ్వు షెడ్డు దాటనివ్వని ఆ తుప్పే. అరచేత్తో గట్టిగా రుద్దాను. పొడి రాలలేదు. పాత పెంకు మీద చెయ్యి వేసినట్టు గరుకుగా, గట్టిగా ఉంది. అది కార్టెన్ స్టీల్ రా. రాగి, క్రోమియం లాంటివి కొద్దిగా కలుపుతారు. తడుస్తూ ఆరుతూ ఉంటే పైన పట్టిన తుప్పే దట్టమైన పొరై లోపలి ఇనుమును కాపాడుతుంది. ఏటా పెయింట్ డబ్బాలు మోసుకుని కొండెక్కే బాధ లేదు. పైగా ఆ రంగు చుట్టూ ఉన్న బండల్లో కలిసిపోయింది. కొండ ముందు మనిషి కట్టినది అణకువగా ఉండాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. అది ఇక్కడ కళ్లారా చూశాను.

మీ గాజువాకలో మాత్రం ఇది వాడకు. సముద్రపు ఉప్పుగాలికి ఆ పొర నిలవదు, తినేస్తూనే ఉంటుంది. నీళ్లు నిలిచే మూల ఉన్నా అంతే. అందుకే ఇక్కడ జాయింట్లే ఎక్కువసేపు చూశాను, మోకాళ్ల మీద కూర్చుని మరీ.

దారి కూడా నేరుగా అంచుకు తీసుకెళ్లదు. వంకరలు తిరుగుతుంది, మెట్లు దిగుతుంది. చివర గాజు. నా పక్కన ఒక పెద్దావిడ రెండు మలుపుల ముందే ఆగి, ఇనుప గోడను పట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత తనంతట తానే నాలుగడుగులు ముందుకు వేసింది. భయపడేవాళ్లకూ ఆగడానికి చోటు ఉంచారు చూడు, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

హిమాచల్‌లో లాహౌల్ వైపు మాకొచ్చిన పని గురించి చెప్పాను కదా, అక్కడా మంచుకాలం పొడుగే. బోల్టులతో బిగించేలా ముక్కలు వర్క్‌షాపులోనే తయారుచేసి పట్టుకెళ్లాలి. సైట్‌లో వెల్డింగ్ వీలైనంత తక్కువ. మూల జాయింట్ స్కెచ్ దీంతో పెడుతున్నా. నీళ్లు ఎక్కడ ఆగుతాయో పెన్సిల్‌తో గీసి పంపు. మొహమాటపడకు, ఎన్ని గీతలైనా పర్లేదు.

నీ
శేఖర్