పెద్దాయనా, ఆ రోజు నోరు పెగల్లేదు

నిన్న సాయంత్రం క్వారీ వాళ్లు పోసిన రాళ్ల గుట్ట, అదే డంపు, మీదికి ప్రొక్లెయిన్ ఎక్కింది. మా చేలో పడ్డ రాళ్లూ మట్టీ ఎత్తి టిప్పర్లలో పోస్తున్నారు. దీనికోసం 14 నెలలు తిరిగాను. కళ్లు మూసుకుంటే ఇంకా బస్సులోనే ఊగుతున్నట్టుంది. తప్పులుంటే సర్దుకోండి, ఇప్పుడు రాయకపోతే ఇక రాయలేను.

మాది చీమకుర్తి దగ్గర. నల్లరాతిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ దొరికే నేల. మంచి బ్లాకులు ఓడలెక్కుతాయి, పనికిరాని రాయి మా పొలాల పక్కన గుట్టలవుతుంది. పోయినేడు ముసురుకి ఆ గుట్ట జారి కంది చేలోకొచ్చింది. అడగబోతే, "ఇది మా లీజు భూమే, నీ హద్దేదో చూపించు" అన్నాడు మేనేజరు. హద్దు రాయి గుట్ట కిందే ఉంటే ఎట్టా చూపించేది?

ఒక ఆఫీసుకి పోతే ఇంకో ఆఫీసు పేరు చెప్పారు. అక్కడికి పోతే మళ్లీ మొదటిదే. స్టేషన్‌లో సివిల్ తగాదా అన్నారు. అర్జీ మీద స్టాంపు మాత్రం అందరూ బాగా వేశారు.

ఒంగోలు కర్నూలు రోడ్డులో టీ కొట్టు దగ్గర కాయితాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్క బల్ల మీద ఒక పెద్దాయన. సర్వే శాఖలో కొలత గొలుసు పట్టే చైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడంట. "ఏం అబ్బయ్యా, ఎఫ్‌ఎంబీ నకలుందా?" అన్నాడు. పొలం హద్దులు, కొలతలు గీసిన సర్వే పటం అది. ఇన్నాళ్లూ నేను పట్టుకు తిరిగింది పాసు పుస్తకం, ఫొటోలే. హద్దులు కొలిపించే ఎఫ్-లైన్ సర్వేకి అర్జీ పెట్టమని ఆయన చెప్పిందాకా ఆ మాటే ఎవరూ అనలేదు.

నాలుగో రోజు సొంత ఛార్జీలతో మా ఊరొచ్చాడు. ఎండలో తలకి తువ్వాలు చుట్టుకుని, నకలు చూసుకుంటూ పొలిమేర రాయి దగ్గర్నించి టేపు పట్టించాడు. సర్వే గొలుసు లెక్కలో 412 లింకులు, అంటే 272 అడుగులు. "ఇక్కడ తవ్వు." మూడడుగులు పోయాక గడ్డపార ఖంగుమంది. అదీ క్వారీ రాయే అనుకున్నా. ఆయన గుంటలోకి దిగి, తాగడానికి తెచ్చుకున్న సీసాలో నీళ్లు పోసి కడిగాడు. శుక్లాలంట, చూపు సరిగ్గా ఆనదు. వేళ్లతో తడిమి, నా చెయ్యి పట్టుకుని రాతి మీద చెక్కిన గుర్తు మీద పెట్టాడు. "ఇదిగో, మీ నాయన హద్దు."

54 ఏళ్లవాణ్ని, ఆ గుంటలో కూలబడి చిన్నపిల్లోడి మాదిరి ఏడ్చాను. డబ్బులివ్వబోతే, "పెన్షన్ వస్తది గదా" అని బస్సెక్కాడు.

తర్వాత సర్వేయరు గారొచ్చి కొలిస్తే 38 సెంట్లు డంపు కింద ఉన్నట్టు తేలింది. ఆయన ఎవరి మాటా వినకుండా ఉన్నదున్నట్టు రాశారు, వారికీ దండాలు.

క్వారీ పేలుళ్లకి మా ఇంటి గోడలకొచ్చిన పగుళ్ల సంగతి మాత్రం ఎక్కడిదక్కడే. పునాది మంచిది కాదంట! చుట్టుపక్కల ఇళ్ల దగ్గర పేలుళ్లకి నేల కంపించే వేగం, ఊపులు సెకనుకు 8 (8 హెర్ట్జ్) లోపైతే, సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదని 1997లోనే గనుల భద్రతా సర్క్యులర్ వచ్చింది. ఆ కొలిచే యంత్రం ఎట్టా ఉంటదో మా ఊళ్లో చూసినవాడు లేడు. సైరన్ మోగగానే వంటింట్లో గిన్నెలు దించుకోవడమే మాకు తెలిసిన భద్రత.

మా ఇంటామె, పిల్లోడు, బావమరిది పడ్డ పాట్లు చెప్పేదేముంది, ఇంటి మనుషులు.

గడ్డపార పట్టిన పక్క చేను కుర్రాళ్లను రాయనేలేదు, ఏమనుకోవద్దురా. అర్జీలన్నీ ఊరికే టైపు చేసిచ్చిన జిరాక్సు షాపు తమ్ముడికి కూడా దండాలు. అయ్యో, టీ కొట్టు అక్క! 85 రూపాయలు బాకీ ఉన్నా అక్కా, సోమవారం వచ్చి ఇచ్చేస్తా.