గంటలు సరే, వాట్ అవర్లు ఎన్ని?

సంపాదకులకు నమస్కారం.

కొత్త ల్యాప్‌టాప్ వార్త ఎప్పుడొచ్చినా ‘ఒక్కసారి చార్జ్ చేస్తే 20 గంటలు’ లాంటి లైను ఒకటి ఉంటుంది. ఆ గంటలు ఎలా లెక్కేశారో కూడా రాయండి సార్. చాలా కంపెనీలు స్క్రీన్ వెలుతురు తగ్గించి, వీడియో ఒకటి ఆపకుండా ప్లే చేసి ఆ అంకె తెస్తాయి. వీడియో కోసం చిప్‌లో విడిగా ఒక భాగం ఉంటుంది, అది చాలా తక్కువ కరెంటుతో పని కానిచ్చేస్తుంది, కాబట్టి ఆ పరీక్షలో అందరూ ఫస్ట్ క్లాసే. మన వాడకం అదా? పట్టపగలు బ్రైట్‌నెస్ పెంచి, బ్రౌజర్ నిండా ట్యాబులు తెరిచి, మధ్యలో వీడియో కాల్ మాట్లాడితే అందులో సగం వచ్చినా గొప్పే.

చిప్‌లు బాగుపడలేదని కాదు. 2020లో ఆపిల్ ఎం1 చిప్ వచ్చాకే మిగతావాళ్లలో కదలిక వచ్చింది, 2024లో క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ ఎక్స్, ఇంటెల్ కోర్ అల్ట్రా 200వీ చిప్‌లు దిగాయి. ఇంటెల్ అయితే అందులో కరెంటు ఆదా కోసం ర్యామ్‌ని ప్రాసెసర్ పక్కనే అతికించేసింది, ఇక కొన్నాక పెంచుకునే దారి లేదు. కానీ ఇవన్నీ ఖరీదైనవాటి ముచ్చట. పిల్లల చదువుకని మనం కొనే తక్కువ ధర వాటిలో బ్యాటరీ తరచూ 40 వాట్ అవర్ల (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే లెక్క) దగ్గరే ఆగుతుంది. సగటున 10 వాట్లు లాగినా నాలుగు గంటలే, ఎండాకాలం కరెంటు కోతల్లో అదేం సరిపోతుంది? విమానంలో అనుమతి అడగక్కర్లేకుండా 100 వాట్ అవర్ల దాకా తీసుకెళ్లొచ్చు, అంటే పెంచడానికి చోటు బోలెడంత ఉంది. అర మిల్లీమీటరు మందం పెరిగితే ఎవరూ ఏడవరు.

‘కోపైలట్ ప్లస్’ అనే ఏఐ ల్యాప్‌టాప్‌లలో 40 టాప్స్ (సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు) ఎన్‌పీయూ, అంటే ఏఐ పనులకు చిప్‌లో విడిగా ఉండే భాగం, ఉండాలని మైక్రోసాఫ్ట్ పెట్టిన షరతు నాకైతే పెద్దగా పనికిరాదు. దాని పుణ్యమా అని వాటిలో కనీసం 16 జీబీ ర్యామ్ తప్పనిసరి అయింది, అంతవరకు సంతోషం.

నేను గట్టిగా కోరేది ఒకటే, బ్యాటరీ మనమే మార్చుకోగలగాలి. లిథియం బ్యాటరీ ఎంత మంచిదైనా ఏళ్లు గడిచేకొద్దీ సత్తువ తగ్గుతుంది, వేడికి ఇంకా తొందరగా. యూరప్‌లో 2027 ఫిబ్రవరి 18 నుంచి వినియోగదారుడే మార్చుకునేలా ఉండాలని చట్టమే చేశారు. అక్కడికి అలా చేసి పంపే కంపెనీ ఇక్కడ జిగురు పెట్టి అంటిస్తే ఊరుకోవాలా? మన కేంద్రం 2022లో ‘రైట్ టు రిపేర్’ (మన వస్తువు మనం బాగుచేయించుకునే హక్కు) పోర్టల్ తెరిచింది, దాన్ని దాటి ఇలాంటి నిబంధన కూడా తేవాలి.

ఈలోపు మీరు రివ్యూ వేసినప్పుడు వాట్ అవర్లు ఎన్నో, బ్యాటరీ స్క్రూలతో ఉందో జిగురుతో ఉందో, విడిగా కొంటే ఎంతో కూడా వేయండి.

— ఒక పాఠకుడు, హనుమకొండ