కాలేయ కణితికి జన్యు పరీక్ష అవసరం

సంపాదకులకు నమస్కారం.

కాలేయంలో గడ్డ అనగానే అందరూ దాని సైజే అడుగుతారు. సైజు ఒక్కటే చాలదు. అడినోమాలనే క్యాన్సర్ కాని గడ్డల్లోనే చాలా రకాలున్నాయి. హెచ్‌ఎన్‌ఎఫ్‌1ఎ జన్యువు పనిచేయని రకం క్యాన్సర్‌గా మారడం అరుదు. బీటా-కెటెనిన్ జన్యువులో మూడో ఎక్సాన్ (ప్రోటీన్ తయారీకి సూచనలుండే జన్యు భాగం) దెబ్బతింటే మాత్రం ముప్పు ఎక్కువ. అలాంటి గడ్డ చిన్నదైనా తీసేయడమే మేలంటారు నిపుణులు. యువతలో వచ్చే ఫైబ్రోలామెల్లార్ అనే కాలేయ క్యాన్సర్‌కు డీఎన్‌ఏజేబీ1, పీఆర్‌కేఏసీఏ జన్యువులు అతుక్కుపోవడమే గుర్తని 2014లో తేలింది.

మామూలు కాలేయ క్యాన్సర్‌లో తరచూ కనిపించే టెర్ట్ అనే జన్యువులోని మార్పుకు సూటి మందు ఇంకా వాడుకలోకి రాలేదు, నిజమే. కానీ కాలేయం లోపలి పిత్తనాళాల క్యాన్సర్‌లో ఎఫ్‌జీఎఫ్‌ఆర్‌2, ఐడీహెచ్‌1 జన్యువుల్లోని మార్పులకు మందులున్నాయి. పరీక్షే చేయకపోతే అవి ఎవరికి పనికొస్తాయో తెలిసేదెలా? బయాప్సీ ముక్క జన్యు పరీక్షకు సరిపోతుందా అని రోగి తరఫువారు డాక్టర్‌ను ముందే అడగాలి. దీనిపై మీ ఆరోగ్య పేజీలో వివరమైన వ్యాసం వేయండి.

— ఒక పాఠకురాలు